ఇంటి కొలువు - ఎవరి చేతి కాటా?

ఇంటి నుండి చేయు కొలువులను మన రాష్ట్రమందు విరివిగా వ్యాప్తిచేయుటకు ప్రభుత్వము పూనుకొనినది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారు ఈ పద్ధతిని, ముఖ్యముగా స్త్రీల నిమిత్తము, పెద్దయెత్తున ప్రోత్సహింపనున్నట్లు ప్రకటించిరి. పట్టణములయందును మండల కేంద్రములయందును ఉమ్మడి కార్యస్థానములను నెలకొల్పువారికి తోడ్పడుట రాష్ట్రపు ఐ.టి. విధానమున నొక భాగమైనది. ఆ సంవత్సరముననే గ్రామ, వార్డు సచివాలయముల ద్వారా ఇంటి నుండి పనిచేయగోరు విద్యావంతుల వివరములు సేకరింపబడినవి.

ఇట్టి కొలువులలో సులభముగ దొరకునట్లు కనబడునది యొకటి కలదు. అది కంపెనీల తరఫున ఫోనులకు బదులు చెప్పు కాల్ సెంటరు పని. అందును, నెలజీతపు ఉద్యోగిగా గాక, మాట్లాడిన నిమిషముల లెక్కననో, తీర్చిన కాలుల లెక్కననో కూలి పుచ్చుకొను ఫ్రీలాన్సు పద్ధతి లోకమంతట వ్యాపించుచున్నది. గుంటూరు, ప్రకాశము మైదానములందలి ప్రత్తి, మిరప రైతుల యిండ్లకు ఈ పని మేలు చేయునా, కీడు చేయునా యనునది నేడు విచారింపదగిన విషయము. మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. పని మంచిదే. కాని దానిని తూచు కాటా కొనువాని చేత మాత్రమే యున్నది. ఆ కాటా పదుగురి కన్నుల యెదుట పెట్టబడనంతవఱకు ఈ కొలువు నమ్మదగినది కాదు.

ఇట్టి పనికై మన పల్లెలు ఏల యెదురుచూచుచున్నవో తెలియనివారు లేరు. ఈ నేలలో పండు పంటలు రెండును జూదమువంటివి. 1987-88 ప్రాంతమున తెల్లదోమ ప్రత్తిని తుడిచిపెట్టగా అప్పులపాలై ప్రాణములు తీసికొనిన రైతుల కథ యీ రెండు జిల్లాల వారికి మఱపురానిది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటలను పూతలోనే కాల్చివైచెను. 2025 మొదట ధర కూలిపోగా, కేంద్ర ప్రభుత్వము జోక్యము కలిగించుకొని మన రాష్ట్రపు ఎండుమిరపకు క్వింటాలునకు 11,781 రూపాయలను కనీసధరగా నిర్ణయింపవలసివచ్చెను. ఒక యేడు తెగులు, ఒక యేడు ధర. రెండును కలిసివచ్చిన యేడు అరుదు. ఇట్టి యింట బి.ఏ., బి.టెక్. చదివిన కుమార్తెయో, కోడలో కూర్చుండియున్నది. పిల్లలను, పెద్దలను విడిచి హైదరాబాదునకో, బెంగుళూరునకో పోజాలదు. నెలకు పదివేలు ఇంటిలోనే వచ్చునన్నచో ఆ కుటుంబమునకు అది ఎరువుల దుకాణపు అప్పునకు లొంగకుండ నిలువజేయు ఊతకఱ్ఱ. కావున ఈ పనిని ఆడువారి కాలక్షేపమని తేలికపఱచుట న్యాయము కాదు.

పని జరుగు తీరును కొంచెము విశదీకరింతుము. ఏజెంటు తన యింట కంప్యూటరు, హెడ్‌ఫోను, ఇంటర్నెట్టు, కరెంటు పోయినప్పుడు ఆదుకొను బ్యాటరీ సిద్ధము చేసికొనవలెను. కోడికూతయు, పిల్లల యేడ్పును వినబడని గది యొకటి కావలెను. నిర్ణీత వేళకు కంపెనీ యంత్రములోనికి తన గుర్తుతో ప్రవేశించి కూర్చుండవలెను. ఎవరికి ఎప్పుడు కాలు పంపవలెనో ఆ యంత్రమే నిర్ణయించును. మాట్లాడిన కాలము, పట్టియుంచిన కాలము, మాట ముగిసిన పిదప వివరములు వ్రాసిన కాలము, మాటతీరునకు మార్కులు, పిలిచినవా రిచ్చు నక్షత్రములు, ఇవన్నియు అదియే లెక్కించును. మార్కులు తగ్గినచో కాలులు తగ్గును. మఱియు తగ్గినచో ప్రవేశద్వారమే మూయబడును. అమెరికా కంపెనీల పని యైనచో న్యూయార్కున ఉదయము 9 గంటల నుండి సాయంకాలము 5 గంటలవఱకు నడచు కార్యాలయ సమయము మనకు వేసవిలో సాయంకాలము 6-30 మొదలు రాత్రి 2-30 వఱకు, శీతకాలమున 7-30 మొదలు 3-30 వఱకు నగును. పగలంతయు ఇంటిపని, రాత్రియంతయు కంపెనీ పని యైన స్త్రీ యెప్పుడు నిద్రించునో ఆ యింటివారే యాలోచింపవలెను.

లెక్క నొక యుదాహరణముతో చూతము. మాట్లాడిన నిమిషమునకు 2 రూపాయలని యనుకొందము. ఎనిమిది గంటలు కూర్చుండినవారికి నాలుగు గంటల మాట దొరకినచో 240 నిమిషములకు 480 రూపాయలు వచ్చును. గంటకు 60 రూపాయలు పడినట్లు. మఱునాడు కాలులు తగ్గి రెండున్నర గంటల మాటయే దొరకినచో వచ్చునది 300 రూపాయలు. గంటకు 37 రూపాయల 50 పైసలు. రెండు దినములును కూర్చుండుట ఒక్కటియే, చెవియొగ్గి యుండుట ఒక్కటియే. కరెంటు, ఇంటర్నెట్టు, పరికరముల యరుగుదల ఖర్చులు రెండు దినములును ఒక్కటియే. కాలులు తగ్గుట ఏజెంటు దోషము కాదు. ఎక్కువ మందిని యొకేసారి కూర్చుండబెట్టుకొనిన కంపెనీ యేర్పాటు. ఎవరికిని వేచియుండు కూలి ఇయ్యనక్కఱలేనప్పుడు, నూరుమంది చాలినచోట రెండువందలమందిని కూర్చుండబెట్టుకొనుటకు కంపెనీకి అడ్డేమున్నది? పిలిచినవారు క్షణమైన వేచియుండరు. ఏజెంట్లు మాత్రము వేచియుందురు.

ఈ లెక్క మన రైతులకు క్రొత్తది కాదు. మిరపభూమిని ముందుగా కౌలు చెల్లించి సాగుచేయు కౌలుదారుని చూచుచునేయున్నాము. వాన కురిసినను కురియకున్నను భూమి యజమానికి కౌలు ముట్టును, నష్టమంతయు కౌలుదారునిది. ఫ్రీలాన్సు ఏజెంటునకు 'స్వతంత్రుడు' అను బిరుదు ఉన్నను, అతని స్థితి కౌలుదారుని స్థితికంటె మెరుగైనది కాదు. కౌలుదారునకు పంటపై నైన హక్కుండును. ఏజెంటునకు రేపటి పనిపై హక్కు లేదు.

ఇంటినే కార్ఖానా చేయుట కూడ మన సీమకు క్రొత్త గాదు. చీరాల చేనేత పేటలలో మగ్గము నేతగాని యింటనే యుండును. నూలు మాస్టరు వీవరు ఇచ్చును. నేసిన వస్త్రమునకు మజూరీ లెక్కకట్టును. పడుగు సిద్ధపఱచుట, కండెలు చుట్టుట మొదలగు పనులు ఇంటి స్త్రీలు, పిల్లలు చేయుదురు. అవి మజూరీలో వేఱుగ లెక్కకు రావు. వర్షకాలమున గుంటమగ్గములోనికి నీరు వచ్చి పని నిలిచినచో ఆ నష్టము నేతగానిదే. ఆచార్య రంగాగారు 1930లోనే చేనేత ఆర్థికస్థితిపై గ్రంథము రచించి దక్షిణదేశపు నేతగాండ్ర జీవనమును లోకమునకు తెలియజేసిరి. ప్రగడ కోటయ్యగారు జీవితమంతయు నేతగాండ్ర సహకారోద్యమమునకు ధారపోసిరి. ఆ మహనీయులు మగ్గము ఇంటిలో నుండుటను తప్పుపట్టలేదు. నూలు, ధర, లెక్క యను మూడును పరుల చేతిలో నుండుటయే వారు చూపిన వ్యాధి. నేడు మగ్గమునకు బదులు హెడ్‌ఫోను వచ్చినది. కండెలు చుట్టిన కాలమువలె కాలు కొఱకు వేచిన కాలమును లెక్కకు రాకున్నది.

ఇక కాటా సంగతి. ఒకప్పుడు ఈ జిల్లాల రైతు తన ప్రత్తిని, పొగాకును వ్యాపారి గుమ్మము ముందు తూయించుకొనవలసియుండెను. రాళ్లు వ్యాపారివి, త్రాసు వ్యాపారిది, తరుగు వ్యాపారి నోటిమాట. 1933లో చెన్నపురి రాష్ట్రమున వాణిజ్య పంటల మార్కెట్ల చట్టము పుట్టి, ప్రత్తి, వేరుసెనగ, పొగాకు క్రయవిక్రయములకు మార్కెటు కమిటీల నేర్పఱచుటకు మార్గము చూపెను. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చెను. నేడు గుంటూరు మిరప యార్డులో మోసములే లేవని యెవరును చెప్పజాలరు. అయినను అచ్చట వ్యాపారికి లైసెన్సు కలదు. తూకము నలుగురి యెదుట జరుగును. అన్యాయమైనచో కమిటీ తలుపు తట్టుటకు వీలుకలదు. మాటను అమ్ముకొను ఈ క్రొత్త సంతలో అట్టిదేదియు లేదు. నిమిషములను లెక్కించునది కొనువాని యంత్రము. నాణ్యమునకు మార్కులు వేయునది అతడే. కోత విధించునది అతడే. ఫిర్యాదు వినునదియు అతడే. అమ్మువాడు తన సరకు నెంత తూచిరో చూడజాలడు.

ప్రభుత్వములు ఇంతవఱకు చేసినది చూతము. కంపెనీల కడ్డమైన ముండ్లను తీసివేయుటలో అవి వెనుదీయలేదు. 2020 నవంబరు 5న కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలను సడలించి, ఇంటి నుండియు, దేశములో నెచ్చటి నుండియైనను పని చేయించుకొనుట కనుమతించెను. 2021 జూన్ 23న దేశీయ, విదేశీయ సేవల నడుమ నున్న భేదమును గూడ తొలగించెను. అంతకుముందు చిన్న పట్టణములకు కాల్ సెంటర్లు రావలెనని 493 కోట్ల రూపాయలతో 48,300 సీట్ల పథకమును కేంద్రము నడపెను. ఒక్కొక్క సీటునకు లక్ష రూపాయలవఱకు కంపెనీకి సాయము లభించెను. కంపెనీ సీటు వేసినప్పుడు ప్రజాధనము తోడ్పడినది. ఆ సీటునే రైతుబిడ్డ తన గదిలో తన సొమ్ముతో వేసికొన్నప్పుడు తోడ్పడువా రెవరు?

కార్మిక చట్టముల విషయమున 2025 నవంబరు 21 ఒక ముఖ్యదినము. నాడు నాలుగు కార్మిక స్మృతులును అమలులోనికి తేబడినవి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ పనివారిని, ప్లాట్‌ఫారం పనివారిని మొదటిసారి చట్టమున పేర్కొనెను. ఆ సంస్థలు తమ వార్షికపు రాబడిలో నూటికి 1 నుండి 2 వంతులవఱకు పనివారి భద్రతానిధికి చెల్లింపవలెననియు విధించెను. పరికరములు తనవే యైనను, యజమానివే యైనను, ఇంటి నుండి సరకో సేవయో సమకూర్చువారిని 'గృహాధారిత పనివారు' అని నిర్వచించినదియు ఆ స్మృతియే. ఇది మెచ్చదగినదే. కాని పేరు పెట్టుట వేఱు, కూలి నిలబెట్టుట వేఱు. ఆ నిర్వచనము ప్రమాదము, వార్ధక్యము మొదలగు వాని భద్రత నుద్దేశించినది. వేచియున్న గంటకు వెల కట్టలేదు. ఇంటిపని చేయువారికి ఇతర కార్మికులతో సమానస్థాయి నియ్యవలెనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికను భారతదేశము ధ్రువీకరింపలేదు. 2020-21లో దేశమున 77 లక్షల గిగ్ పనివారుండిరనియు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరనియు నీతి ఆయోగు 2022లో అంచనా వేసెను. ఇంతటి జనసమూహము కూలికి కాటా లేకుండుట రాజ్యమునకు క్షేమము కాదు.

ఈ పద్ధతికి పుట్టినిల్లయిన అమెరికాలో జరిగినది చూచినను బుద్ధి వచ్చును. ఇంటి ఏజెంట్ల ద్వారా పెద్దకంపెనీలకు కాల్ సెంటరు సేవలందించు అరైజ్ అను సంస్థపై ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను 2024 జూలైలో చర్య తీసికొనెను. గంటకు 18 డాలర్లవఱకు ఆర్జింపవచ్చునని ప్రకటనలు చేసిరనియు, అత్యధికులకు అంత రాలేదనియు, పనివారే శిక్షణకు, సామగ్రికి సొమ్ము వెచ్చింపవలసివచ్చెననియు ఆరోపించెను. సంస్థ 70 లక్షల డాలర్లు చెల్లించుటకు సమ్మతించి రాజీపడెను. చట్టము, పత్రికలు, న్యాయస్థానములు బలముగ నున్న దేశముననే యిట్లయినచో, చిలకలూరిపేట సమీపపు పల్లెలోని యువతి యెవరితో మొఱపెట్టుకొనును?

మన యింటి ముంగిట ఇంకొక యపాయమున్నది. పని యిప్పింతుమని ముందుగా రుసుము గుంజి మాయమగువారు, బ్యాంకు ఖాతాను అద్దెకడిగి దొంగసొమ్ము మళ్లించువారు, కాల్ సెంటరను పేర మోసములు చేయించువారు విరివియైరి. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన ఉదంతమున, కంప్యూటరు కొలువులని నమ్మి కాంబోడియాకు పోయిన మన యువకులు అచ్చట నిర్బంధములో సైబరు మోసములు చేయవలసివచ్చినట్లు వెల్లడియయ్యెను. ఇంటిలో గూర్చుండి చేయు పనియైనను, చేయించునది యెవరో తెలియక చేసినచో నేరము చేసినవారి పేరు మన బిడ్డలదే యగును. పనికి ముందు సొమ్మడిగినవాని మాట నమ్మరాదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

కాటా బహిరంగము కావలెనన్నచో కంపెనీలు వేఱు రాష్ట్రములకు పోవునని కొందఱు భయపెట్టుదురు. మార్కెటు చట్టము వచ్చినందున గుంటూరు మిరపను కొనువారు తరలిపోయిరా? సరకు ఇచ్చట నున్నది కనుక ఇచ్చటికే వచ్చుచున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున 8 కోట్ల 11 లక్షలమందికి తెలుగు మాతృభాష. వారికి బ్యాంకులు, బీమా సంస్థలు, టెలిఫోను కంపెనీలు, విత్తనముల కంపెనీలు తెలుగులోనే బదులు చెప్పవలెను. ఇంగ్లీషు మాట మనీలాలో దొరకును. పల్నాటి రైతు కోపమును అర్థము చేసికొను తెలుగు మాట అచ్చట దొరకదు. ఆంగ్లపు రాత్రిపనికై ప్రాకులాడుటకంటె తెలుగు పగటిపనిని కోరి తెచ్చుకొనుట మన బేరమునకు బలము.

యంత్రములే మాట్లాడుచున్నవి గదా, ఈ పని యెంతకాలముండునని మఱికొందఱు ప్రశ్నింతురు. స్వీడన్ దేశపు క్లార్నా సంస్థ 2024 ఫిబ్రవరిలో తన కృత్రిమ మేధ 700 మంది పని చేయుచున్నదని చాటెను. 2025 మే నాటికి ఆ సంస్థ యధిపతియే మనిషితో మాటాడు వీలు ప్రజల కుండవలెనని చెప్పి, విద్యార్థులను, పల్లెవాసులను ఇంటి నుండి, వీలైన వేళ పనిచేయుటకు చేర్చుకొన నారంభించితిమని తెలిపెను. దీనిలో పాఠము రెండు విధములు. మనిషి యవసరము పోలేదు. కాని తిరిగి పిలిచినప్పుడు పిలిచినది నెలజీతపు ఉద్యోగిగా గాదు, ఫ్రీలాన్సు కూలిగా. పైగా సులభమైన ప్రశ్నలు యంత్రమునకు పోగా, కోపముతో, కన్నీటితో వచ్చు కాలులే మనిషి వంతగును. కష్టము హెచ్చినపుడు కూలియు హెచ్చవలెను. ఏజెంటు మాటలను పట్టి యంత్రములకు నేర్పువారు దానికి అనుమతియు, వెలయు ఇయ్యవలెను.

కావున రాష్ట్రప్రభుత్వము ఇంటి కొలువులకు ప్రచారము చేయుటతోనే సంతుష్టి చెందరాదు. తన ప్రోత్సాహము పొందు ప్రతి కంపెనీకిని కొన్ని షరతులు విధింపవలెను. వేళకు వచ్చి కూర్చుండిన ప్రతి గంటకును కాలులు వచ్చినను రాకున్నను కనీసపు కూలి నిర్ణయింపవలెను. శిక్షణకాలమునకు కూలి ఇయ్యవలెను. పనివారి వద్ద రుసుము పుచ్చుకొనరాదు. నిమిషముల లెక్క, మార్కులు, కోతలు ఏ దినమున కాదినము పనివారికి తెలుగులో వ్రాతమూలముగ నందవలెను. కారణము చెప్పక, వాదము వినక ద్వారము మూయరాదు. తగవులు తీర్చుటకు కార్మికశాఖ జిల్లాకొక అధికారిని నియమింపవలెను. రాజస్థాన్ 2023లోను, కర్ణాటకము 2025లోను ప్లాట్‌ఫారం పనివారికై ప్రత్యేక చట్టములు చేసినవి. ఆంధ్రము వెనుకబడియుండుటకు కారణము కనబడదు.

చట్టముకంటె గట్టిది సహకారము. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టమునకు మన రాష్ట్రమే దేశమునకు దారిచూపెను. బాపట్ల, నరసరావుపేట, అద్దంకి, దర్శి వంటి చోట్ల ఏబదిమంది ఏజెంట్లు ఒక సంఘముగ నేర్పడి, బ్యాంకులతో, కంపెనీలతో సంఘమే ఒప్పందము చేసికొన్నచో, కాటా సంఘము చేతికి వచ్చును. ఇది గాలిమేడ కాదు. కేరళమున 1925లో కూలీలు స్థాపించిన ఊరాళుంగల్ సహకార సంఘము నేడు కోళికోడులో ఐ.టి. పార్కును నడపుచున్నది. మన పశ్చిమగోదావరి జిల్లాలోని జల్లికాకినాడ వంటి పల్లెలలో బైర్రాజు ఫౌండేషను రెండు దశాబ్దములకు పూర్వమే గ్రామీణ సేవాకేంద్రములను నడపి, పల్లెబిడ్డలు ఈ పనులు చేయగలరని నిరూపించెను. 2009లో సత్యం కంపెనీ కుప్పకూలినప్పుడు ఒక కుటుంబపు ధర్మముపై నిలిచిన సంస్థలకు ఆధారము సడలెను. అందుచేతనే దాతృత్వముపై గాక, సభ్యుల వాటాలపై నిలిచిన సంఘములు కావలెనని చెప్పుచున్నాము. ప్రభుత్వము తన 1100 వంటి సహాయ సంఖ్యల పనిలో కొంతభాగమును ఇట్టి సంఘముల కప్పగించినచో మొదటి పని వెదకికొన నక్కఱయుండదు.

పాఠకులలో భూవసతి కలవారును, పట్టణ గృహస్థులును అధికులు. వారి యిండ్లలోనే ఈ కొలువు మొదలగుచున్నది కనుక వారికొక మాట. కోడలు గదిలో కూర్చుండి మాటాడుచున్నప్పుడు అది పనియని యింటివారు గుర్తింపవలెను. ఆమె చేతిలో మఱియొక గిన్నె పెట్టరాదు. ఆమె యార్జనము ఆమె పేరిటి ఖాతాలోనే పడవలెను. ఒప్పందపు కాగితము సంతకమునకు ముందు ఇంటిలో చదువుకొన్నవారందఱును చదువవలెను. కౌలు కాగితములోని ప్రతి మాటను వేలు పెట్టి చదువు మనము, బిడ్డ జీవితమును వ్రాసియిచ్చు కాగితమును చదువక వేలిముద్ర వేయనిచ్చుట తగునా?

చీరాల-పేరాలలో పన్ను భారమును నిరాకరించి ఊరినే విడిచిపోయిన జనులు, పెదనందిపాడు ఫిర్కాలో 1922లో శిస్తు నిలిపిన రైతులు ఈ సీమవారే. లెక్క అన్యాయమైనపుడు లెక్క యడుగుట ఈ నేలకు వంశధర్మము. ప్రత్తికిని, పొగాకునకును కాటా నడిగి తెచ్చుకొన్నవారు తమ బిడ్డల గొంతునకు కాటా నడుగుటకు సంకోచింపనక్కఱలేదు. యార్డులో బస్తా నెత్తినపుడు తూకపు చీటీ కొఱకు చేయి చాచు రైతు, ఇంటిలో కూతురు హెడ్‌ఫోను దించినపుడును ఆ చీటీ యేదని యడుగుగాక.